పడవ అడుగున మోత ఎక్కడిది?

ప్రశ్న: మా అన్నదమ్ములిద్దరం ప్లైవుడ్‌తో 14 అడుగుల తెరచాప పడవ కట్టుకున్నాం. అనుమతి తీసుకుని సెలవు రోజుల్లో దిగువ మానేరు జలాశయంలో నడుపుతున్నాం. గాలి తక్కువగా ఉన్నంతసేపు పడవ చప్పుడు లేకుండా వెళుతుంది. గాలి కాస్త అందుకోగానే అడుగు నుంచి ‘ఊఁ’ అని మోత మొదలవుతుంది. అచ్చం మా పొలం దగ్గర ట్రాన్స్‌ఫార్మర్ మోగినట్లే ఉంటుంది. కూర్చున్న బల్ల, కాళ్ళ కింద పలక, అన్నీ జుమ్మంటాయి. పడవ వేగం ఇంకా పెరిగితే మోత ఆగిపోతుంది. పడవకు ఇంజను లేదు. అడుగు పగులుతోందేమోనని మా అమ్మ మమ్మల్ని నీటిలోకి వెళ్ళనివ్వడం లేదు. అడుగు మొత్తానికి ఇంకో పొర ఫైబర్ వేయించమని ఒకరు సలహా ఇచ్చారు. వేయించమంటారా?
— ఒక పాఠకుడు, కరీంనగర్

జవాబు: ఇప్పుడే వేయించకండి. డబ్బు పోతుంది, పడవ బరువెక్కుతుంది, మోత మాత్రం ఉన్న చోటే ఉంటుంది.

మీ ఉత్తరం చదవగానే నాకు సంతోషం కలిగింది. ఎందుకంటే జబ్బు ఏమిటో మీరే సగం చెప్పేశారు. మోత ఒక వేగం దగ్గర మొదలై ఇంకో వేగం దగ్గర ఆగిపోతుంది అన్నారు. పగులు అలా ప్రవర్తించదు. పగిలిన పలక అల తగిలినప్పుడల్లా చప్పుడు చేస్తుంది, వేగం పెరిగేకొద్దీ ఆ చప్పుడు కూడా పెరుగుతుంది. ఒక వేగానికే పలికి, దాటగానే ఊరుకునేది తీగ లాంటిది ఏదో అయి ఉండాలి. ఇంట్లో మిక్సీ తిరుగుతుంటే అల్మారాలో ఒక్క గ్లాసు మాత్రం ఒకానొక వేగం దగ్గరే గలగలమంటుంది, చూసే ఉంటారు. ఇదీ ఆ కోవకు చెందినదే.

పడవ అడుగు విషయంలో చాలామంది పొరబడేది ఇక్కడే. తంబురలో పలికేది తీగ, ఆ పలుకును పెద్దది చేసేది బుర్ర. చెవికి బుర్రే మోగినట్లు ఉంటుంది. పడవ అడుగు కూడా ఒక బుర్రే. దానికి తగిలించిన ఏ వస్తువు వణికినా అడుగు మొత్తం అందుకుని మోగుతుంది. కాబట్టి మోత ఎక్కడ పెద్దగా వినిపిస్తోందో చూడటంకన్నా, ఏది మారిస్తే మోత మారుతోందో చూడాలి. అదీ ఒక్కసారికి ఒక్కటే మార్చాలి. రెండు మార్చి చూస్తే ఏది తప్పో ఎప్పటికీ తేలదు.

పోయిన నెల కరీంనగర్‌లో ఒక పెళ్ళికి వచ్చినప్పుడు నేను ఈ అన్నదమ్ముల పడవ ఎక్కాను. మిగతా పాఠకుల కోసం ఆ పూట ఏం చేశామో చెబుతాను. నేను సైన్యంలో మెకానిక్‌గా ఉన్నప్పుడు సికింద్రాబాదులో పనిచేశాను. హుస్సేన్ సాగర్‌లో తెరచాప పడవ నడపడం అప్పుడే నేర్చుకున్నాను. తర్వాత హనుమకొండ వచ్చి మోటార్లు, పంపులు బాగుచేస్తూ స్థిరపడ్డాను. అయినా నీటి మీద ఇలాంటి మోత విని చాలా ఏళ్ళయింది.

ఇంజను మెకానిక్కులు స్క్రూడ్రైవర్ కొసను ఇంజనుకు ఆనించి, పిడిని చెవికి ఆనించుకోవడం మీరు చూసే ఉంటారు. చెక్క పడవకు చెక్కే మేలు. వాళ్ళ అమ్మగారిని అడిగి అప్పడాల కర్ర తెచ్చుకున్నాను. అన్న చుక్కాని పట్టుకుంటే నేను పడవలో వెల్లకిలా పడుకుని కర్ర ఒక కొస చెవిలో, ఇంకో కొస పడవ మీద పెట్టి ఒక్కొక్క చోటే విన్నాను. ముక్కు దగ్గర మోత దూరంగా, మెత్తగా ఉంది. వెనక చుక్కాని దగ్గరా అంతే. నడుమ సెంటర్‌బోర్డు గూటికి ఆనించగానే చెవిలో తుమ్మెద దూరినట్లయింది.

సెంటర్‌బోర్డు అంటే పడవ నడుమ చీలికలోంచి నీటిలోకి దిగే పలక. ఆ చీలిక చుట్టూ కట్టిన పెట్టే దాని గూడు. పక్క నుంచి వీచే గాలికి పడవ పక్కకు కొట్టుకుపోకుండా అడ్డుకునేది అదే. తమ్ముణ్ణి దాన్ని జానెడు పైకి లాగమన్నాను. మోత సన్నబడి తెగిపోయింది. తిరిగి దించమన్నాను. మళ్ళీ మొదలైంది. నీటిలో వేలాడే పొడవు తగ్గితే పలక బిగుసుకుంటుంది, దాని శ్రుతి మారిపోతుంది. అందుకే అదే వేగంలో మోత ఆగింది. దొంగ దొరికినట్లే. కానీ ఎందుకు పలుకుతోందో తెలిస్తేనే మందు తెలుస్తుంది.

కాకతీయ కాలువలో నీళ్ళు వదిలినప్పుడు మెట్ల మీద నిలబడి ఒక వెదురు కర్రను ప్రవాహంలోకి నిలువుగా దించి చూడండి. నీళ్ళు కర్రను ముందుకు తోస్తాయని మనం అనుకుంటాం. నిజమే, తోస్తాయి. దాంతోపాటు కర్ర చేతిలో అటూ ఇటూ, ప్రవాహానికి అడ్డంగా వణుకుతుంది. కర్ర వెనక నీళ్ళు ఒకసారి ఎడమ నుంచి, ఒకసారి కుడి నుంచి సుడి తిరిగి వదిలిపోతుంటాయి. సుడి విడిపోయినప్పుడల్లా కర్రను ఒక పక్కకు లాగుతుంది. సెంటర్‌బోర్డు వెనక అంచు మందంగా ఉంటే దాని వెనకా ఇదే జరుగుతుంది. ఆ లాగుడు తాళం, పలక సొంత శ్రుతి ఒకటయ్యాయంటే పలక పాడుతుంది.

దీనికి ఒక సులువైన లెక్క ఉంది. వేగాన్ని 0.2తో హెచ్చించి, వచ్చిన దాన్ని అంచు మందంతో భాగిస్తే సెకనుకు ఎన్ని సుళ్ళ జతలు విడుస్తుందో సుమారుగా వస్తుంది. వేగం కొలవడానికి పరికరం అక్కర్లేదు. పడవ ముక్కు దగ్గర ఒక చెక్క ముక్క నీటిలో వేసి, అది వెనక కొస దాటేదాకా లెక్కపెట్టాం. మోత గట్టిగా ఉన్నప్పుడు రెండు సెకన్లు పట్టింది. 14 అడుగులంటే 4.2 మీటర్లకు కాస్త పైన. అంటే సెకనుకు సుమారు 2.1 మీటర్ల వేగం. ఇక శ్రుతి సంగతి ఉత్తరంలోనే ఉంది, ట్రాన్స్‌ఫార్మర్! మన కరెంటు సెకనుకు 50 ఆవృత్తులు. ట్రాన్స్‌ఫార్మర్ లోపలి ఇనుప రేకులు ఒక్కో ఆవృత్తికి రెండుసార్లు సాగి ముడుచుకుంటాయి కాబట్టి దాని మోత సెకనుకు 100. ఇప్పుడు లెక్క తిరగేద్దాం. 2100 మిల్లీమీటర్లను 0.2తో హెచ్చిస్తే 420. దాన్ని 100తో భాగిస్తే 4.2. మీ పలక వెనక అంచు మందం నాలుగు మిల్లీమీటర్ల చుట్టుపక్కల ఉండాలన్నమాట. ఒడ్డుకు వచ్చి పలక బయటికి తీసి వెర్నియర్‌తో కొలిచాం. నాలుగుకు కాస్త పైన ఉంది. ఈ లెక్క ప్రతిసారీ ఇంత దగ్గరగా వస్తుందని అనుకోవద్దు. అంచు ఆకారాన్ని బట్టి అటూ ఇటూ అవుతుంది. కానీ ఆ అన్నదమ్ముల ముఖాలు చూడాల్సింది. పొలంలో విన్న చప్పుడుతో నీటి కింద కనబడని అంచు మందం చెప్పగలిగాం కదా.

పలకను ఎండలో పెట్టి చూస్తే ఇంకో సంగతి కనబడింది. 18 మిల్లీమీటర్ల ప్లైవుడ్‌ను ఎంతో శ్రద్ధగా చెక్కారు. అయితే ముందు అంచును కత్తిలా పదును చేసి, వెనక అంచును చేతికి గుచ్చుకోకుండా గుండ్రంగా తీర్చారు. సరిగ్గా తారుమారు. నీటిని కోసుకుంటూ వెళ్ళాలి కాబట్టి ముందు పదునుగా ఉండాలని అనిపించడం సహజం. చేపల మార్కెట్లో రవ్వ చేపను చూడండి. తల వైపు గుండ్రంగా, నిండుగా ఉంటుంది, తోక వైపు పోనుపోను సన్నబడుతుంది. నీటిలో కదిలే పలకకు ఆ పోలికే కావాలి.

చేయవలసిన పని ఇది. పలక వెడల్పులో వెనక మూడో వంతును రెండు వైపుల నుంచీ చిత్రికతో మెల్లగా పలచబరచండి. ప్లైవుడ్‌ను చెక్కుతున్నప్పుడు పొరల మధ్య జిగురు గీతలు బయటపడతాయి. అవే మీ కొలబద్ద. గీతలు పై నుంచి కింది దాకా తిన్నగా, ఒకదాని పక్కన ఒకటి సమాన దూరంలో సాగితే చెక్కడం సమంగా ఉన్నట్లు. గీత ఎక్కడైనా మెలిక తిరిగితే అక్కడ గుంట పడుతోందని అర్థం, చిత్రిక ఆపి గరుకు కాగితం అందుకోండి. చివరి అంచు రెండు మిల్లీమీటర్లకు వచ్చాక ఆగండి. కత్తిలా చేస్తే తేలుతున్న తుమ్మ కొమ్మ తగిలినా ఊడిపోతుంది. ఆ రెండు మిల్లీమీటర్ల అంచును గుండ్రం చేయవద్దు, మూలలు స్పష్టంగా ఉండనివ్వండి. ఆ తర్వాత ఆకురాయితో ఒక్క వైపు నుంచి మాత్రమే ఏటవాలుగా, ముప్ఫై నలభై డిగ్రీల కోణంలో అరగదీయండి. రెండో వైపు ముట్టుకోవద్దు. ఒక వైపు సుడి ముందుగా, ఇంకో వైపు సుడి వెనకగా విడిపోతే రెండింటి తాళం కుదరదు, పలక పాడలేదు. పెద్ద ఓడల ప్రొపెల్లర్లు కూడా ఇలాగే పాడతాయి. వాటికీ రెక్కల వెనక అంచును ఇలాగే ఏటవాలుగా కోసి నోరు మూయిస్తారు.

చెక్కిన చోటల్లా ప్లైవుడ్ పొరలు తెరుచుకుని ఉంటాయి. మూడు పూతలు ఎపాక్సీ (నీరు చొరకుండా ఆపే రెసిన్) పట్టించకుండా నీటిలో దించవద్దు. రుద్దేటప్పుడు ముక్కుకు మాస్కు కట్టుకోండి, ఆ పొడి ఊపిరితిత్తులకు మంచిది కాదు.

ఈ జవాబు రాస్తుండగానే కరీంనగర్ నుంచి ఫోను వచ్చింది. మోత పోయిందట. అయితే ఇంతకుముందు వినబడని ‘టక్ టక్’ ఇప్పుడు వినబడుతోందట. అది గూటిలో పలక వదులుగా ఉండటం వల్ల వచ్చేది. మోత కింద మరుగునపడి ఉంది, అంతే. పాత సైకిల్ ట్యూబును పట్టీలుగా కోసి గూడు లోపల రెండు వైపులా అంటించండి. పలక దించినప్పుడు చేతికి కొంచెం బిగువు తెలియాలి, అలాగని ఇరుక్కోకూడదు. లోతు తక్కువ చోట రాయి తగిలితే పలక పైకి లేవాలి కదా.

ఇక అమ్మగారి భయం. ఆ భయాన్ని తేలిగ్గా తీసుకోవద్దు. ఈసారి అడుగు నిర్దోషి అని తేలింది, ఎప్పుడూ అలాగే తేలుతుందని కాదు. కుండ కొనేటప్పుడు వేలితో తట్టి చూస్తాం. పడవనూ అలాగే తట్టాలి. ఒడ్డున బోర్లించి, బాగా ఆరిన తర్వాత సుత్తి చెక్క పిడితో బెత్తెడు దూరానికి ఒకసారి తట్టుకుంటూ వెళ్ళండి. గట్టిగా ఉన్న చోట ‘టంగ్’ అంటుంది. పొరలు విడిపోయిన చోట, నీరు పట్టిన చోట ‘బద్’ అంటుంది. అక్కడ సుద్దముక్కతో గుర్తు పెట్టండి. రెండు మూడు గుర్తులు ఒకచోట చేరితే నాకు మళ్ళీ రాయండి. సెంటర్‌బోర్డు గూడు అడుగుతో కలిసే అతుకును మరీ ముఖ్యంగా చూడాలి. పక్క గాలి బరువంతా ఆ అతుకు మీదే పడుతుంది. ప్రయాణం తర్వాత పడవలో ఎక్కడి నుంచి వచ్చాయో తెలియని నీళ్ళు రోజురోజుకూ పెరుగుతుంటే మొదట అనుమానించాల్సింది దాన్నే.

ఇంకో మాట. సెంటర్‌బోర్డే దొంగ అని తేలినా చుక్కానిని చూడకుండా వదలకండి. హుస్సేన్ సాగర్‌లో ఒక జూలై నెలలో, ఈదురు గాలుల రోజుల్లో, నా పడవ ఇలాగే మోగింది. సెంటర్‌బోర్డు అని నేనే నిర్ణయించుకున్నాను. అంతకుముందు రెండు పడవల్లో అదే కారణం కాబట్టి. చుక్కాని పిడి మీద చెయ్యి పెట్టి చూస్తే తెలిసిపోయేది, పెట్టలేదు. చుక్కాని వేలాడే రెండు బందుల్లో కిందిది చీలి ఉంది. పెద్ద గాలి తగలగానే చుక్కాని ఊడి చేతికొచ్చింది, పడవ బోల్తా కొట్టింది. నాతో ఉన్న కుర్రవాడికి ఈత అంతగా రాదు. లైఫ్ జాకెట్ ఉండబట్టి బతికాడు. ఒడ్డున కూర్చుని దగ్గుతూ నీళ్ళు కక్కుతున్న ఆ పిల్లవాడి ముఖం నాకు ఇప్పటికీ కళ్ళ ముందే ఉంది. అందుకే చెబుతున్నాను, కారణం ఒకటి దొరికాక కూడా మిగతావన్నీ ఒకసారి చేత్తో తడిమి చూడండి.

ప్రశ్న: శ్రీరాంసాగర్‌లో చేపలు పడతాను. నాది ఫైబర్ పడవ, వెనక చిన్న అవుట్‌బోర్డు ఇంజను. పది రోజులుగా వేగం సగం దాటితే పడవ వెనక భాగమంతా అదురుతోంది. ఇంజను బిగించిన బోల్టులు చూశాను, గట్టిగానే ఉన్నాయి. పడవ అడుగు బలం తగ్గిందా?
— ఒక మత్స్యకారుడు, నిజామాబాద్ జిల్లా

జవాబు: బోల్టులు ముందుగా చూడటం మంచి పని. ఇప్పుడు ఇంజనును న్యూట్రల్‌లో పెట్టి వేగం కొద్దిగా పెంచి చూడండి. అప్పుడూ అదిరితే ఇంజనులోనే లోపం, స్పార్క్ ప్లగ్ నుంచి మొదలుపెట్టాలి. న్యూట్రల్‌లో నెమ్మదిగా ఉండి గేరు వేశాకే అదిరితే ప్రొపెల్లర్‌ను చూడాలి. మీరు వలల మధ్య తిరుగుతారు కాబట్టి నా అనుమానం రెండోదే.

ఇంజను ఆపి, స్పార్క్ ప్లగ్ వైరు ఊడదీసి, ఆ తర్వాతే ప్రొపెల్లర్ మీద చెయ్యి వేయండి. ఈ వరుస ఎంత తొందరలో ఉన్నా తప్పకూడదు. నట్టు విప్పి ప్రొపెల్లర్‌ను పూర్తిగా బయటికి లాగండి. పైనుంచి చూసి ఏమీ లేదనుకోవద్దు. తెగిన నైలాన్ దారం ప్రొపెల్లర్‌కూ గేరు పెట్టెకూ మధ్యలో, ఇరుసు చుట్టూ చుట్టుకుని, వేడికి కరిగి గాజు ఉంగరంలా గట్టిపడి ఉంటుంది. కత్తితో జాగ్రత్తగా కోసి తీయండి.

దారం దొరికితే పని అక్కడితో అయిపోలేదు. అది లోపలి ఆయిల్ సీలును కోసి ఉండవచ్చు. గేరు పెట్టె కింది స్క్రూ కొంచెం వదులు చేసి నాలుగు చుక్కలు తెల్ల కాగితం మీద పడనివ్వండి. నూనె రంగులో ఉంటే పరవాలేదు. పాలు కలిపిన టీలా ఉంటే లోపలికి నీరు చేరింది. సీలు మార్చి, కొత్త నూనె పోయించేదాకా ఇంజను వాడవద్దు. సీలు ఖర్చు స్వల్పం, గేర్లు పోతే మోయలేరు.

దారం లేకపోతే రెక్కలు చూడండి. ప్రొపెల్లర్‌ను తిరిగి బిగించి, ఒక రెక్క కొసకు తగిలీ తగలనట్లు పెన్సిలును కదలకుండా కట్టండి. చేత్తో మెల్లగా తిప్పండి. మిగతా రెక్కలు కూడా పెన్సిలుకు అంతే దూరంలో రావాలి. ఒక రెక్క వంగినా, కొస విరిగినా తిరిగిన ప్రతి చుట్టుకూ అది పడవను ఒకసారి తంతుంది. సెకనుకు ఇరవై పైచిలుకు చుట్లు తిరిగేటప్పుడు ఆ తాపులన్నీ కలిసి అదురుగా తెలుస్తాయి. పడవ అడుగును అనుమానించేది ఇవన్నీ అయ్యాకే. అప్పుడు ఇంజను బిగించిన వెనక పలకను, పైన కరీంనగర్ వారికి చెప్పినట్లే తట్టి చూడండి.

ప్రశ్న: అన్నయ్య ఉత్తరంలో నా ప్రశ్న కూడా చేరుస్తున్నాను. పడవ ఒడ్డున కట్టి ఉన్నప్పుడు, రాత్రి గాలికి తెరచాప కొయ్యను పట్టి ఉంచే ఉక్కు తీగలు ఈల వేస్తాయి. బిగుతు ఎక్కువైందా?
— కరీంనగర్ తమ్ముడు

జవాబు: బిగుతు కాదు, ఇదీ సుళ్ళ పనే. మీ అన్నయ్యకు చెప్పిన లెక్క అసలు పుట్టిందే గాలిలో తీగల నుంచి. చెక్ శాస్త్రవేత్త స్ట్రౌహల్ 1878లో గాలికి తీగలు ఎలా పలుకుతాయో పరిశీలించి ఆ సంబంధం కనిపెట్టారు. మీ తీగ మందం నాలుగు మిల్లీమీటర్లు. సెకనుకు అయిదు మీటర్ల గాలికి సెకనుకు 250 సార్లు పలుకుతుంది. రాత్రిపూట ఒక సన్నని తాడును తీగ చుట్టూ జానెడుకో చుట్టు వచ్చేలా పాములా చుట్టి ఉంచండి. సుళ్ళు తీగ పొడవునా ఒకేసారి విడిపోకుండా చెదిరిపోతాయి, ఈల ఆగుతుంది.

నిద్ర చెడిపోవడం చిన్న విషయం. రాత్రంతా వణికిన తీగ కొసల దగ్గర, లోహపు తొడుగులోకి దూరే చోట, పోగుపోగుగా అలసి తెగుతుంది. నెలకు ఒకసారి దూదిని తీగ చుట్టూ పట్టుకుని కింది నుంచి పైకి జార్చండి. చెయ్యి నేరుగా పెట్టవద్దు, తెగిన పోగు గాలంలా గుచ్చుకుంటుంది. దూది ఎక్కడైనా చిక్కుకుని ఆగిందంటే ఆ తీగ మార్చేదాకా తెరచాప ఎత్తకండి.